కెమెరా వెనక స్క్రీన్: గీతలు, జిడ్డు పడకుండా ఏం వేయాలి, ఎలా తుడవాలి?

కోనసీమ_క్లిక్

అందరికీ నమస్కారం. రెండు కెమెరా బాడీలకి స్క్రీన్‌గార్డు వేయాలి. ఒకటి కెనాన్ 200డి మార్క్ 2, పక్కకి తెరిచి తిప్పే టచ్ స్క్రీన్. రెండోది నికాన్ డి750, పైకీ కిందికీ వంగే స్క్రీన్, టచ్ లేదు. పని పెళ్ళిళ్ళు, ప్రీ వెడ్డింగ్ షూట్లు. ఒకరోజు పసుపు, నలుగుపిండి, ఇంకోరోజు సముద్రపు ఇసుక.

గ్లాస్ మంచిదా, ఫిల్మ్ మంచిదా? మొబైల్ షాపులో కోయించుకుంటే సరిపోతుందా? తిప్పే స్క్రీన్‌కి గ్లాస్ వేస్తే మళ్ళీ సరిగా మూసుకుంటుందా? ఎండలో ఇప్పటికే అంతంతమాత్రంగా కనబడుతోంది, గార్డు వేస్తే ఇంకా మసకబారుతుందా?

సర్వీస్‌బెంచ్

గార్డు సంగతి తర్వాత. ముందు అసలు శత్రువెవరో చూద్దాం. స్క్రీన్ మీద ఎక్కువ గీతలు పెట్టేది తాళంచెవులూ చిల్లరా కాదు, దుమ్ములో ఉండే ఇసుక రేణువు. మోస్ గట్టిదనం లెక్కలో (అంకె పెద్దదైతే గట్టిది) గోరు 2.5, రాగి 3, మామూలు గాజు 5.5 దగ్గర, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. పైన గాజు పొర ఉన్న స్క్రీన్‌ని రాగినాణెం ఏమీ చేయలేదు. చొక్కా అంచుతో తుడిచినప్పుడు గుడ్డకీ గాజుకీ మధ్య ఇరుక్కున్న ఇసుక మాత్రం గీసిపారేస్తుంది. గీతలన్నీ వంపు తిరిగి, వేలు తిరిగిన దారిలోనే ఉంటే అవి తుడవడంలో పడ్డవే. నిటారుగా, లోతుగా ఒకటో రెండో ఉంటే అవి సంచిలోనో, చొక్కా గుండీ తగిలో, బెల్టు బకిల్ తగిలో పడ్డవి.

పైపొర అన్ని కెమెరాల్లో గాజే ఉండదు. కొన్నిట్లో అక్రిలిక్, కొన్నిట్లో పాలీకార్బొనేట్. కెమెరా ఆపేసి గోటితో మెల్లగా తట్టండి. టిక్కుమని పలికి, తాకితే చల్లగా ఉంటే గాజు. శబ్దం మందంగా ఉండి, తాకినా చల్లదనం తెలియకపోతే ప్లాస్టిక్. ప్లాస్టిక్ అయితే గార్డు తప్పనిసరి. గాజైతే మంచిదే గానీ, తుడిచే పద్ధతి దానికంటే ముఖ్యం.

ఇక గ్లాస్ గార్డు డబ్బా మీద రాసే 9హెచ్. అది మోస్ లెక్క కాదు, పెన్సిల్ పరీక్ష. పెన్సిల్‌ని 45 డిగ్రీల వాలులో పట్టుకుని, 750 గ్రాముల బరువుతో నెట్టి చూస్తారు. 9హెచ్ పెన్సిల్‌కి గీత పడలేదంటే 9హెచ్ అని రాస్తారు. పెన్సిల్ ముల్లంటే గ్రాఫైటూ బంకమట్టీ కలిపి కాల్చింది, ఇసుక ముందు అదెంత? 9హెచ్ గ్లాస్ కూడా ఇసుకకి గీతపడుతుంది. పడితే పీకి కొత్తది వేసుకోవచ్చు, అంతవరకే లాభం.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

అన్నా, మొబైల్ షాపుల హైడ్రోజెల్ ఫిల్మ్ కోసే మిషిన్ ఉంటది కదా. కెమెరా మోడల్ వాళ్ళ లిస్టుల లేకున్నా కొలత చెప్తె కోసిస్తరు. ఐదు నిమిషాల పని. గ్లాస్ కోసం ఆన్‌లైన్ల ఎదురుచూసుడు ఎందుకు?

సర్వీస్‌బెంచ్

కోసిస్తారు, అతుక్కుంటుంది కూడా. ఇబ్బంది తర్వాత. ఆ ఫిల్మ్ టీపీయూ, మెత్తటి రబ్బరు జాతి. సన్నగీతలు పడినా కొన్ని గంటల్లో వాటంతటవే మూసుకుంటాయి, అది నిజమైన గుణమే. కానీ పైభాగం నారింజ తొక్కలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫోన్‌లో పట్టించుకోం. కెమెరాలో ఫోకస్ చూడ్డానికి ఫోటోని పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుక షార్ప్‌గా ఉందా లేదా అని చూస్తాం కదా, అక్కడ తేడా తెలుస్తుంది. వేలు సాఫీగా జారదు, జిడ్డు పట్టుకుంటుంది, ఎండా వేడీ తగిలితే కొన్నాళ్ళకి పసుపు రంగుకి తిరుగుతుంది. పెళ్ళిపనికైతే పసుపు ఇంకుతుంది కూడా.

ఆ మిషన్‌లోనే పెట్ హార్డ్‌కోట్ ఫిల్మ్ (పైన గట్టి పూత ఉన్న ప్లాస్టిక్) షీటు పెట్టి కోయగలరేమో అడగండి. టీపీయూ కంటే చదునుగా, తేటగా ఉంటుంది. గ్లాస్ దొరకని పాత మోడళ్ళకి అదే దారి.

నీడ_వెలుగు

ఎండలో కనబడడం గురించి అడిగారు కాబట్టి గ్లాసుల్లో రెండు రకాలు విడదీసి చెప్పాలి. అమ్మకం పేజీల్లో ఈ తేడా ఎక్కువగా రాయరు.

మొదటి రకం పాతది. గ్లాసుకి నాలుగు అంచుల వెంట మాత్రమే నల్లటి జిగురు పట్టీ. మధ్యలో గాలి. రెండో రకంలో గ్లాసు అడుగంతా సిలికాన్ జిగురు, స్క్రీన్‌కి పూర్తిగా అంటుకుంటుంది.

గాలిలోంచి గాజులోకి, గాజులోంచి గాలిలోకి వెలుగు దాటిన ప్రతిచోటా సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. గార్డు లేని, కోటింగ్ లేని స్క్రీన్ పైముఖం ఒక్కటే, అంటే 4 శాతం. అంచు జిగురు గ్లాసు వేస్తే దాని పైముఖం, అడుగుముఖం, కింద స్క్రీన్ ముఖం కలిపి మూడు, దగ్గరదగ్గర 12 శాతం. మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్‌లో మన మొహమే కనిపించేది ఇందుకే. పూర్తి జిగురు గ్లాసులో గాలి పొర లేదు. గాజు వక్రీభవన సూచిక (వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52, సిలికాన్‌ది 1.41 దగ్గర. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఆ అతుకు దగ్గర వెనక్కి కొట్టేది లెక్కలోకి రానంత తక్కువ. మొత్తం మీద మళ్ళీ 4 శాతమే.

అంచు జిగురుకి ఇంకో తంటా కూడా ఉంది. ఆ పట్టీలో సన్న సందు మిగిలినా వానాకాలం తేమ, టాల్కం పౌడరంత సన్న దుమ్ము లోపలికి చేరి మూలల్లో పొగలాగా కమ్ముకుంటుంది. గ్లాసు పీకేదాకా తుడవడానికి వీల్లేదు.

కాబట్టి పూర్తి జిగురు, 0.3 మిల్లీమీటర్లు లేదా అంతకంటే పల్చన. డి750కైనా 200డికైనా నా ఓటు దీనికే.

మీ స్క్రీన్ మీద తయారీ సమయంలోనే వెలుగు తగ్గించే కోటింగ్ ఉంటే మాత్రం, ఏ గార్డు వేసినా ఆ లాభం కొంత పోతుంది. ట్యూబ్‌లైట్ కింద ఆపేసిన స్క్రీన్‌ని వాలుగా పట్టి చూడండి. ప్రతిబింబం ఊదాగానో ఆకుపచ్చగానో కనిపిస్తే కోటింగ్ ఉన్నట్టు, తెల్లగా ఉంటే లేనట్టు.

ఫిల్మ్‌కాలం_మనిషి

పాత నికాన్‌లకి స్క్రీన్ మీదికి కంపెనీయే ప్లాస్టిక్ మూత ఇచ్చేది. డి90కి బీఎం-10, డి7000కి బీఎం-11, డి800కి బీఎం-12. జిగురు లేదు, బుడగల గోల లేదు, గీతలు పడితే ఇంకోటి క్లిప్ చేసుకోవడమే. ఇప్పటికీ ఆ బాడీలు వాడేవాళ్ళు దాన్ని పారేయకండి.

నీడ_వెలుగు

పారేయక్కర్లేదు. కానీ అదీ గాలి పొర మూతే. లోపలికి ఊపిరి ఆవిరి చేరితే మసక. ఏసీ హాల్లోంచి మండుటెండలోకి వస్తే మరీనూ. దాన్ని విప్పి రెండువైపులా తుడవచ్చు, అదొక్కటే మెరుగు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

సరే, కొలతల సంగతి చెప్పుండ్రి. 3 ఇంచులు అని రాసి ఉన్నదల్లా 3 ఇంచులకి సరిపోతదా?

సర్వీస్‌బెంచ్

సరిపోదు. ఆ 3 ఇంచులు మూలనుంచి మూలకి కొలత. ఆకారాన్ని బట్టి వెడల్పు మారిపోతుంది. 3 అంగుళాల 3:2 స్క్రీన్ బొమ్మ కనిపించే భాగం సుమారు 63.4 × 42.3 మి.మీ. అదే 3 అంగుళాలు 4:3 అయితే 61 × 45.7. 16:9 అయితే 66.4 × 37.4. 3.2 అంగుళాల 3:2 అయితే 67.6 × 45.1. ఇవి బొమ్మ కొలతలు మాత్రమే, పైన ఉండే గాజు దీనికంటే అన్ని వైపులా పెద్దది. అందుకే మోడల్ పేరుతో కొనడమే మేలు. లేదంటే వెర్నియర్ కాలిపర్స్‌తో పై గాజు వెడల్పు, ఎత్తు కొలిచి, రెండిట్లోనూ ఒక్కో మి.మీ. తగ్గించి కోయించాలి. అంటే ప్రతి అంచు దగ్గరా అర మి.మీ. ఖాళీ.

ఆ ఖాళీ ఎందుకంటే, గాజు చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచు చాలా కెమెరాల్లో కాస్త ఎత్తుగా ఉంటుంది. గార్డు దాని మీదికి ఎక్కితే ఆ వైపు గాలి చేరి తెల్లటి గీతలా కనిపిస్తుంది. ఎంత నొక్కినా పోదు, రోజురోజుకీ దుమ్ము మింగి నల్లబడుతుంది.

ఇంట్లో ఫిల్మ్ కోసుకునేవాళ్ళు స్టీలు స్కేలు, కొత్త బ్లేడు పెట్టిన కట్టర్ వాడండి. అడుగు కాగితం తీయకుండానే కోయాలి. మూలలు నెయిల్ కట్టర్‌తో గుండ్రంగా చేయండి, పదునైన మూల ముందుగా లేచిపోతుంది. టెంపర్డ్ గ్లాసుని మాత్రం ఇంట్లో కోయాలని చూడకండి. దాని పైపొరలో ఒత్తిడి నింపి ఉంచుతారు, గీసిన చోట ఆగకుండా పగులు అడ్డదిడ్డంగా పాకుతుంది.

కోనసీమ_క్లిక్

200డి తిప్పే స్క్రీన్ మూసుకోవడం గురించి?

వైజాగ్_లెన్స్

తిప్పే స్క్రీన్‌ని బొమ్మ లోపలివైపుకి పెట్టి మూసినప్పుడు, స్క్రీన్‌కీ బాడీకీ మధ్య ఉండే సందు చాలా సన్నం. 0.5 మి.మీ. గ్లాసు, జిగురుతో కలిపి 0.7 దాకా పోతే స్క్రీన్ పూర్తిగా కూర్చోదు. అంచు దగ్గర గోరు దూరేంత ఎత్తు మిగులుతుంది. సంచిలోంచి తీసేటప్పుడు ఆ అంచుకి గుడ్డ తగులుకుని కీలు మీద బరువు పడుతుంది. గ్లాసు పోతే కొత్తది వేసుకోవచ్చు, కీలు లోపలి రిబ్బన్ కేబుల్ పోతే సర్వీస్ సెంటరే దిక్కు.

కొనేముందు చిన్న పరీక్ష. మామూలు జిరాక్స్ కాగితం 0.1 మి.మీ. మందం. స్క్రీన్ సైజుకి మూడు ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి స్క్రీన్ మీద ఉంచి మెల్లగా మూయండి. టక్కుమని కూర్చుంటే 0.3 గ్లాసు పడుతుంది. నాలుగో ముక్కకి ఎత్తు మిగిలితే అంతకంటే మందం జోలికి వెళ్ళొద్దు. మూడు ముక్కలకే మూసుకోకపోతే పెట్ ఫిల్మ్ వేసుకోండి.

ఇంకోటి, తిప్పే స్క్రీన్‌కి ఉన్న అతిపెద్ద రక్షణ దాన్ని లోపలికి తిప్పి మూయడమే. సంచిలో పెట్టేముందు అలా మూసే అలవాటు ఉంటే గార్డు గురించి ఇంత ఆలోచించక్కర్లేదు. మూసేముందు ఒకసారి బ్లోయర్ (గాలి ఊదే రబ్బరు బుడ్డి) కొట్టండి. ఇసుక ఉండగా మూస్తే స్క్రీన్‌కీ బాడీకీ మధ్య నలిగేది అదే.

నీడ_వెలుగు

టచ్ సంగతి కూడా. 0.3 పూర్తి జిగురు గ్లాసు మీద టచ్ ఇబ్బంది పెట్టదు. గాలి పొర ఉన్న మందపాటి గ్లాసు మీద అంచుల్లో తడబడుతుంది. కెనాన్ మెనూలో టచ్ కంట్రోల్ దగ్గర స్టాండర్డ్, సెన్సిటివ్ అని ఉంటాయి. గార్డు వేశాక తేడా అనిపిస్తే సెన్సిటివ్‌లో పెట్టండి.

పెళ్ళికెమెరా

గార్డు అంటించే పద్ధతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చేసుకునేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నా.

ఫ్యాను, ఏసీ ఆపేయండి. గదిలో గాలి కదిలితే సగం పని చెడినట్టే. బాత్రూంలో వేడినీళ్ళు ఓ బకెట్ పట్టి పది నిమిషాలు తలుపేసి ఉంచితే గాలిలో దుమ్ము ఆవిరితో కలిసి కిందికి దిగుతుంది. ఆవిరి సర్దుకున్నాకే కెమెరా లోపలికి తీసుకెళ్ళాలి. ఉన్ని, నూగు బట్టలు వద్దు. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, లెన్సుని కింద పెట్టకుండా మెత్తటి తువ్వాలు చుట్టలో బాడీ నిలబెట్టండి, స్క్రీన్ చదునుగా పైకి చూడాలి.

బ్లోయర్ కొట్టాక, కొద్దిగా తడి చేసిన మైక్రోఫైబర్‌తో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఇంకోసారి. తర్వాత డబ్బాలో వచ్చే దుమ్ము స్టిక్కరుతో గానీ సెలోటేపుతో గానీ స్క్రీన్ అంతా తట్టి తట్టి ఎత్తండి, రుద్దొద్దు. ఫోన్ టార్చ్‌ని స్క్రీన్ పక్కన వాలుగా పెట్టి చూస్తే కంటికి కనబడని నూగు కూడా మెరుస్తూ బయటపడుతుంది.

ఇప్పుడు కీలు పద్ధతి. అడుగు కాగితం తీయకుండానే గ్లాసుని స్క్రీన్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, ఎడమ అంచున రెండు టేపు ముక్కలు గ్లాసు నుంచి కెమెరా బాడీ మీదికి వేయండి. తలుపు తెరిచినట్టు గ్లాసుని టేపుల మీద ఎత్తి, అప్పుడు అడుగు కాగితం లాగి, ఇంకోసారి బ్లోయర్ కొట్టి, దించేయండి. మధ్యలో వేలితో ఒక్కసారి నొక్కి వదిలితే జిగురు నీళ్ళలా నాలుగు వైపులా తనే పాకుతుంది. అంచుల నుంచి నొక్కుకుంటూ వస్తే గాలి మధ్యలో ఇరుక్కుంటుంది.

బుడగల్లో రెండు రకాలు. గుండ్రంగా, నొక్కితే కదిలేది గాలి. చిన్నవైతే ఒకట్రెండు రోజుల్లో పోతాయి, వదిలేయండి. నొక్కినా అక్కడే ఉండి నడిమధ్య చుక్క కనిపించేది దుమ్ము. అది తనంతట తాను పోదు. ఆ మూల వైపు గ్లాసుని టేపుతో కాస్త ఎత్తి, ఇంకో టేపు ముక్క జిగురు వైపు బయటికి ఉండేలా సన్న చీటీకి చుట్టి లోపలికి పోనిచ్చి ఆ రేణువుని ఎత్తుకురావాలి. వేలు మాత్రం జిగురుకి తగలకూడదు, తగిలిన ముద్ర ఇక పోదు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

పీకుడు ఎట్ల? పాత గార్డు పీకితె స్క్రీన్ ఊడొస్తదేమో అని భయం.

సర్వీస్‌బెంచ్

పూర్తి జిగురు గ్లాసు ఒక మూల గోటితో ఎత్తి, ఆ సందులోకి పళ్ళు తోముకునే ఫ్లాస్ దారం పెట్టి రెండు చేతులా అటూ ఇటూ లాగుతూ ముందుకి జరపండి. పైకి లాగొద్దు, స్క్రీన్‌కి సమాంతరంగా ఉండాలి. అంచు జిగురు మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి అరనిమిషం. చేతికి వెచ్చగా తగిలితే చాలు. తిప్పే స్క్రీన్ అయితే ఇంకో చేత్తో స్క్రీన్ వెనక పట్టుకునే లాగాలి, లేకపోతే బలమంతా కీలు మీదికి పోతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తేవాళ్ళకి గ్లాసుతోపాటు అంచు పట్టీ కూడా చేతికొస్తుంది.

కోటింగ్ ఉన్న పాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీల్లో ఒక జాగ్రత్త. కొన్నిట్లో ఆ కోటింగ్ ఏళ్ళు గడిచేసరికి పొలుసులుగా లేస్తుంది, స్క్రీన్ ఆపినప్పుడు మచ్చల్లా కనిపిస్తుంది. అలాంటిదాని మీద గట్టి జిగురు గార్డు వేసి పీకితే మిగిలిన కోటింగూ దాంతోపాటు రావచ్చు. ఇప్పటికే లేస్తుంటే గార్డు వేసి దాన్ని కదపకుండా వదిలేయడం మేలు. సిలికాన్ ఆ లోతుల్ని నింపుతుంది కాబట్టి మచ్చలు కూడా సగం కనబడకుండా పోతాయి.

వైజాగ్_లెన్స్

పాత గీతల మీద కూడా గ్లాసు వేస్తే మాయమవుతాయా?

నీడ_వెలుగు

సన్నగీతలైతే చాలావరకు. గీత కనిపించేది దాని పల్లంలో గాలి ఉన్నందుకే. అందులో సిలికాన్ నిండితే వెలుగు చెదరదు. ముందే తెలుసుకోవాలంటే గుడ్డ కొసతో ఒక్క చుక్క నీళ్ళు గీత మీద అద్ది చూడండి. నీటి వక్రీభవన సూచిక 1.33. నీళ్ళకే గీత మాయమైతే సిలికాన్ కింద ఇంకా బాగా మాయమవుతుంది. తడిలోనూ తెల్లగా కనబడితే, గోరు తగులుకునేంత లోతుంటే అది ఉంటుంది.

టూత్‌పేస్ట్ పెట్టి రుద్దమని వీడియోల్లో చెబుతుంటారు. టూత్‌పేస్ట్ సన్న గరుకు పొడి. గాజు గీతని అది ఏమీ చేయలేదు. ప్లాస్టిక్ మీద చిన్న గీత తగ్గినా ఆ చోటంతా మబ్బుగా మారుతుంది, కోటింగ్ ఉంటే అది పోతుంది.

కోనసీమ_క్లిక్

జిడ్డు మరకల గురించి కూడా చెప్పండి. రెండు గంటల్లో స్క్రీన్ మీద ముక్కు ముద్ర పడిపోతోంది.

పెళ్ళికెమెరా

వ్యూఫైండర్‌లో ఎడమ కన్ను పెట్టేవాళ్ళకి ఇది మామూలే. ముక్కు తిన్నగా స్క్రీన్ మీదికి వస్తుంది. కుడి కన్ను పెడితే ముక్కు పక్కకి జరిగి ఎడమ అంచుకో, బయటికో పోతుంది. కన్ను మార్చుకోమని ఎవరూ అడగరు గానీ, లోతు ఎక్కువున్న ఐకప్ (వ్యూఫైండర్ చుట్టూ కంటికి ఆనే రబ్బరు) వేస్తే మొహం కొన్ని మి.మీ. వెనక్కి జరుగుతుంది, ముద్ర తేలికపడుతుంది. మిర్రర్‌లెస్ బాడీల్లో టచ్‌తో ఫోకస్ పాయింట్ జరిపే సౌకర్యం ఆన్‌లో ఉంటే ముక్కే ఫోకస్ పాయింట్‌ని లాక్కుపోతుంది. మెనూలో టచ్ పనిచేసే భాగాన్ని ముక్కు తగలని వైపుకి కుదించండి.

తుడవడంలో వరుస తప్పకూడదు. బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే గుడ్డ. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. దుమ్ము పోయాక నోటి ఆవిరి పట్టించి తుడిస్తే మాత్రం తప్పులేదు. జిడ్డు మొండిదైతే గుడ్డ మీద రెండు చుక్కల లెన్స్ క్లీనర్. స్క్రీన్ మీద నేరుగా చల్లకూడదు. ద్రవం అంచు సందులోంచి లోపలికి పీల్చుకుపోతుంది, లోపల చేరిన మచ్చ బయటి నుంచి పోదు. ఒక మూల నుంచి మొదలుపెట్టి ఒకే వైపుకి లాగుతూ రండి, గుండ్రంగా తిప్పితే జిడ్డు తిరిగి అక్కడికే చేరుతుంది.

సర్వీస్‌బెంచ్

వాడకూడనివి చెబుతా. శానిటైజర్: ఆల్కహాల్ అక్రిలిక్ మీద సన్న పగుళ్ళు తెస్తుంది, అందులోని గ్లిజరిన్ మళ్ళీ జిడ్డు మిగులుస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్: అసిటోన్, పాలీకార్బొనేట్‌ని కరిగిస్తుంది. అమ్మోనియా ఉన్న కిటికీ క్లీనర్లు కోటింగ్‌ని తినేస్తాయి. టిష్యూ పేపర్ కలప నార, గరుకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గ్లాసు గార్డు మీద పర్వాలేదు, ఒట్టి స్క్రీన్ మీద వద్దు.

ఎవరూ పట్టించుకోనిది దోమల క్రీము. డీట్ (దోమల్ని తరిమే రసాయనం) ఉన్న క్రీములు ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తాయి. చేతికి రాసుకుని వెంటనే కెమెరా పట్టుకుంటే స్క్రీన్ మీదే కాదు, పట్టు రబ్బరు మీద కూడా వేలిముద్ర శాశ్వతంగా దిగిపోతుంది. సాయంత్రం రిసెప్షన్ లాన్‌లో పని ఉంటే అరచేతులు సబ్బుతో కడుక్కున్నాకే కెమెరా ముట్టండి. సన్‌స్క్రీన్‌కీ ఇదే మాట.

గుడ్డ విషయం. మైక్రోఫైబర్‌ని వారానికోసారి ఒట్టి సర్ఫు నీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి. బట్టలు మెత్తబడే కండిషనర్ వేస్తే ఆ మైనం గుడ్డకి పట్టి, అక్కడి నుంచి స్క్రీన్‌కి పూత వేస్తుంది. ఎంత తుడిచినా ఇంద్రధనుస్సు చారలు పోకపోతే కారణం అదే. లెన్సుకో గుడ్డ, స్క్రీన్‌కో గుడ్డ.

పెళ్ళికెమెరా

పసుపు గురించి విడిగా చెప్పాలి. నలుగులో పసుపు, నూనె, శనగపిండి కలిసి ఉంటాయి. పసుపులోని రంగు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే తడి గుడ్డతో ఎంత తుడిచినా పచ్చగా సాగుతుంది తప్ప పోదు. ఎండిన పిండిని ముందు బ్రష్‌తో రాల్చండి, అందులో గరుకు ఉంటుంది. తర్వాత తడి గుడ్డ కొస మీద గిన్నెల లిక్విడ్ ఒక్క చుక్క, బాగా పిండేసి తుడిచి, మంచినీళ్ళ తడితో ఇంకోసారి, పొడి గుడ్డతో చివరిసారి. సబ్బు తగలగానే మరక ఎర్రగా మారితే కంగారుపడొద్దు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి రంగు అదే. గాజు మీద పూర్తిగా పోతుంది. ఫిల్మ్ అంచున, జిగురు పట్టీ మీద పచ్చ మిగిలితే ఎండ వెలుతురులో కొద్దిరోజులకి వెలుస్తుంది.

హల్దీ జరుగుతున్నంతసేపూ 200డి స్క్రీన్‌ని లోపలికి తిప్పి మూసి, వ్యూఫైండర్‌లోంచే తీయడం అన్నిటికంటే సుఖం.

వైజాగ్_లెన్స్

బీచ్‌కి వచ్చినప్పుడు సమస్య ఉప్పు. అలల తుంపర ఆరాక స్క్రీన్ మీద తెల్లటి పొరలా కడుతుంది. దాన్ని పొడి గుడ్డతో రుద్దకూడదు, అందులో ఇసుక కూడా ఉంటుంది. బ్లోయర్, బ్రష్ అయ్యాక మంచినీళ్ళతో తడిపి గట్టిగా పిండిన గుడ్డని స్క్రీన్ మీద పది సెకన్లు ఊరికే పరిచి ఉంచండి. ఉప్పు కరిగి గుడ్డలోకి వస్తుంది. అప్పుడు గుడ్డని మడత మార్చి, ఒక్క లాగు. మళ్ళీ మడత మార్చి ఇంకో లాగు. ఆ గుడ్డని కడక్కుండా మళ్ళీ వాడొద్దు.

కూలింగ్ గ్లాసెస్ పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. పోలరైజ్డ్ కళ్ళద్దాల్లోంచి పెట్ ఫిల్మ్ వేసిన స్క్రీన్ చూస్తే రంగురంగుల చారలు కనబడతాయి. ఫిల్మ్‌ని సాగదీసి తయారుచేయడం వల్ల వచ్చే గుణమిది, ఫిల్మ్ పాడైనట్టు కాదు. గ్లాసుతో ఈ గొడవ ఉండదు.

ఫిల్మ్‌కాలం_మనిషి

ఏమీ వేయకుండా జాగ్రత్తగా వాడుకుంటే పోలా? బట్టతల మీద గొడుగుకి ఇంత చర్చా!

సర్వీస్‌బెంచ్

ఒక్క బాడీ, ఇంట్లో వాడకం, పైన గాజు అయితే సరిపోతుందండీ. అడిగిన కోనసీమ_క్లిక్ రెండు బాడీలు హార్నెస్‌లో (భుజాల మీది పట్టీల్లో) వేసుకుని తిరిగే మనిషి. నడుస్తుంటే రెండు స్క్రీన్లూ తొడకీ, బెల్టుకీ, జీన్స్ రివెట్లకీ రాసుకుంటూనే ఉంటాయి. హార్నెస్ వాడేవాళ్ళు బెల్టు బకిల్‌ని పక్కకి జరుపుకుంటే సగం గీతలు తగ్గుతాయి.

సంచిలో కూడా చూసుకోండి. స్క్రీన్ వైపు స్పాంజి గోడ ఉండాలి, లెన్సు మూతో, ఫ్లాష్ పాదమో కాదు. ఎక్కువమందికి సంచిలో గీత పెట్టేది ఆ కెమెరా స్ట్రాప్‌కే ఉన్న త్రికోణపు స్టీలు రింగు, ప్లాస్టిక్ బకిల్. స్ట్రాప్‌ని స్క్రీన్ మీద చుట్టి పెట్టేస్తారు. లెన్సు వైపుకి చుట్టండి.

కోనసీమ_క్లిక్

అందరికీ ధన్యవాదాలు. కాగితాల పరీక్ష చేశాను. 200డి మూడు ముక్కలకి సుఖంగా మూసుకుంది, నాలుగుకి ఎత్తు మిగిలింది. రెండిటికీ 0.3 పూర్తి జిగురు గ్లాస్ తెప్పిస్తున్నా. ఆఖరి సందేహం: డి750 ప్యాక్‌లో పైన ఉండే చిన్న డిస్‌ప్లేకి కూడా ఒక ముక్క వస్తుందట. అది వేయాలా? అంటించాక ఎంతసేపు ఆగి వాడాలి?

పెళ్ళికెమెరా

పై డిస్‌ప్లే ముక్క సాధారణంగా ఫిల్మే ఉంటుంది, వేసుకోండి. ఫ్లాష్, ట్రిగ్గర్ (దూరంలోని ఫ్లాష్‌ని వెలిగించేది) పెట్టి తీసేటప్పుడు వాటి పాదం తగిలేది అక్కడే. పక్కన బటన్ల మీదికి ఎక్కకుండా చూడండి, ఎక్కితే బటన్ కింద ఇరుక్కుని లేస్తుంది. ఫిల్మ్ వంగి ఉంటే ముందు రాత్రి పుస్తకంలో పెట్టి చదును చేయండి.

గ్లాసు అంటించగానే వాడొచ్చు, టచ్ కూడా పనిచేస్తుంది. కాకపోతే మొదటి రోజు ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, నీటి తడీ తగలనివ్వొద్దు. ప్యాక్‌లో రెండో గ్లాసు ఉంటే దాని అడుగు కాగితం తీయకుండా డబ్బాలోనే ఉంచి, సంచిలో బ్లోయర్ పక్కన పడేయండి. ఫంక్షన్ మధ్యలో మొదటిది పగిలితే ముక్కల మీద వెడల్పు టేపు అతికించి, టేపుతో కలిపి ఒకేసారి లాగండి. గాజు పొడి బటన్ సందుల్లోకి పోదు.